బంధుత్వం అన్నచోట

మోంబాసా పెద్దాసుపత్రి శవాగారం
ఆరింటికే తెరుస్తారన్నారు.
ఏడున్నరకి వచ్చాడు గుమాస్తా,
చపాతీ నములుతూ, రిజిస్టరు చంకలో ఇరికించుకుని.

"నెకేసా తాలూకు ఎవరు?"

నలుగురం లేచాం.
కద్జో, ముయేని, పగలు జడలల్లి రాత్రి మాతో నిలబడే మెజూమా, నేను.
ఒకరి మొహం ఒకరితో కలవదు.
ఎవరి ఇంటి భాషా నెకేసా భాష కాదు.
అతను ఒక్క చూపుతో మా నలుగురినీ తూచి
"రక్తసంబంధం ఉంటేనే" అన్నాడు.

రక్తమా?
మొన్న రేవు గోడ పక్కన
ఆమె రక్తాన్ని కద్జో కడిగింది,
పోలీసులు టేపు చుట్టి, టీ తాగి, వెళ్ళిపోయాక.
మూడు బకెట్లు పట్టింది.
ఆ లెక్క చాలదా నాయనా?

పేపర్లో నాలుగు లైన్లు వేశారు.
పేరు లేదు. "రాత్రి మనిషి" అట.
కోతల కాలంలో పుట్టిందని వాళ్ళమ్మ నెకేసా అని పెట్టుకుంది.
పేకలో మోసం చేసేది. పట్టుబడితే ఇంకా గట్టిగా నవ్వేది.
నా నీలం చెప్పులు అడక్కుండా వేసుకుపోయేది,
ఆ రాత్రి కూడా.

వస్తువుల జాబితా చదివాడు గుమాస్తా:
పగిలిన ఫోను ఒకటి.
రెండు వందల నలభై షిల్లింగులు.
నీలం చెప్పు, ఒకటి.
కండోములు మూడు, ఆధారం కింద స్టేషన్లో జమ.

చంపినవాడి మీద ఏ ఆధారమూ దొరకలేదు.
చచ్చినదాని మీద ఆధారం మాత్రం
కవర్లో పెట్టి, సీలు వేసి, భద్రంగా దాచారు.

అప్పుడొచ్చింది వకేషో, లాయరు.
జుట్టు దువ్వుకోలేదు, కోటు గుండీ తప్పుగా పెట్టుకుంది.
ముయేని ఫోన్ చేసిందట. నాకైతే చెయ్యాలనిపించేది కాదు.
పోయిన నెల మీటింగులో మైకు పట్టుకుని
"ఇది పని కాదు, హింస" అన్నది ఈవిడే.
వెనక వరసలోంచి నెకేసా లేచింది, చేతిలో జ్యూసు గ్లాసుతోనే:
"మేడం, పనికి నేను డబ్బు తీసుకుంటాను.
హింసకైతే పోలీసుల దగ్గరికి పోతాను.
వాళ్ళూ మీలాగే రెండూ ఒకటే అని
నన్ను బయటికి తోసేస్తారు."
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఇంకో జ్యూసు తాగి ఇంటికొచ్చింది.

ఇవాళ వకేషో గంటసేపు గుమాస్తాతో పోట్లాడింది.
ఏవేవో సెక్షన్లు చెప్పింది, ఎవరికో ఫోన్ కలిపి అతని చెవికి ఆనించింది.
చివరికతను రిజిస్టరు మావైపు తిప్పాడు.
పేరు. ఊరు. బంధుత్వం.

ఆ గడి దగ్గర ఆవిడ కలం ఆగింది.
"అక్కచెల్లెళ్ళని రాసేద్దాం, ఎవరూ అడగరు" అంది మెల్లిగా.
మంచి మాటే. జాలిగానే అంది.
కద్జో అడ్డంగా తలూపింది:
"అక్కచెల్లెళ్ళకి ఆ గోడ దగ్గర ఏం పని?
తోటి పనివాళ్ళం అని రాయండి."

ఫ్యాను తిరుగుతోంది.
లోపల ఎవరో ఇనప బల్ల ఈడుస్తున్నారు.
'తోటి' దాకా గబగబా రాసింది,
తర్వాతి మాటకి చాలాసేపు పట్టింది.
రాసింది.
"ఒప్పుకున్నట్టు కాదు" అంది తలెత్తకుండా.
"తెలుసులెండి" అన్నాను.
వాన్ దాకా పెట్టెకి ఒక మూల ఆవిడే పట్టింది.

బుంగోమా చాలా దూరం.
బస్సువాడు శవానికి మూడు టికెట్లన్నాడు.
మా చామాలో పన్నెండుమందిమి, నెలకొకరికి చీటీ.
ఈ నెల చీటీ నెకేసాదే.
ఫ్రిజ్ కొంటానంది, సీసాల్లో చింతపండు రసం చల్లబెట్టి అమ్ముతానని.
ఆ డబ్బుతోనే పెట్టె కొన్నాం.
ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు నెకేసా, విన్నావా,
నీ ఖర్చు నువ్వే పెట్టుకున్నావు.

రెండో నీలం చెప్పు ఇంకా దొరకలేదు.
ఈ రాత్రి టార్చి వేసుకుని
రేవు గోడ పొడుగునా వెతకాలి.
ఎలాగూ మేం అక్కడే ఉంటాం.